పైకు చేపకు ఎఱ గ్రుచ్చు విధము

మన విద్యార్థులలో పలువురు శనివారపు మధ్యాహ్నములందు కాలువగట్టున గాలములు వేయుచుండుట మే మెఱుగని సంగతి కాదు. పుస్తకముల సంచిలో గాలపు దారపు చుట్ట దొరకిన సందర్భములును గలవు. అట్టివారిని మందలించుటకై గాక, వారికి పనికివచ్చు సంగతి యొకటి తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయ బూనితిమి. ఎఱలో గాలము నెచ్చట గ్రుచ్చవలెను, చేప పట్టిన పిమ్మట దారము నెప్పుడు లాగవలెను అను రెండు ప్రశ్నలు మాత్రమే యిందు విచారింపబడును. చూచుటకివి స్వల్పములు. ఐనను పట్టుబడిన చేప బ్రతుకుటయు చచ్చుటయు వీనిపై నాధారపడి యుండునని మేము ఇంగ్లండు దేశమున నొక చలికాలపు ఉదయమున, కొంత సిగ్గుతో, నేర్చుకొంటిమి.

2019వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో నొక సంఘమువారి ఆహ్వానముపై మేమా దేశమునకు వెళ్లియుంటిమి. మా తరగతిలో చదివి, యిప్పుడు కేంబ్రిడ్జికి సమీపమున నొక ఆసుపత్రిలో పనిచేయుచున్న మన పూర్వవిద్యార్థి యొకడు తన యింట మమ్ము నాలుగు దినము లుంచుకొనెను. అతని యూరికి ఉత్తరమున ఫెన్సు అను విశాలమైన పల్లపు భూమి గలదు. ఒకప్పు డది బురదనేల. పదునేడవ శతాబ్దమున వెర్ముయిడెను అను డచ్చి యింజనీరు నాయకత్వమున పొడుగైన తిన్నని కాలువలు త్రవ్వి ఆ నీటిని సముద్రమునకు మరల్చిరి. వానిలో కొత్త బెడ్‌ఫర్డు నది యనునది 1651లో త్రవ్వబడినది. గట్టున నిలిచి చూడగా చుట్టును సమతలమైన నల్లనేల, మధ్యను గీచినట్లు కాలువ, దూరమున ఈలీ పట్టణపు దేవాలయ గోపురము. చలి యొక్కటి లేకున్నచో మన డెల్టాలోనే యున్నామని భ్రమింప వచ్చును. మన కాలువలు నీరు తెచ్చుటకు, వారి కాలువలు నీరు తీసికొని పోవుటకు. భేద మదియే. అట్టి యొక కాలువలో పైకు చేపను పట్ట నతడు మమ్ము తీసికొనిపోయెను.

పైకు అను నీ చేప యూరపు, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల మంచినీళ్లలో నుండును. శరీరము పొడుగుగా, నాచురంగున, తెల్లని మచ్చలతో నుండుటచే నీటిగడ్డిలో కనబడదు. మూతి బాతు ముక్కువలె చదునుగా నుండును. వీపురెక్క నడివీపున గాక తోకకు దగ్గఱగా నుండును. దాని క్రిందనే మఱియొక రెక్క యుండుటచే ఆ రెండును తోకయు కలిసి యొక్క తెడ్డువలె పనిచేసి, కదలక నిలిచియున్న చేపను బాణమువలె ముందుకు త్రోయును. పొంచియుండి పైబడుట దీని వృత్తి. మన కొఱ్ఱమీనునకును వాలుగకును ఈ గుణము గలదని గాలగాండ్రకు వేఱుగా చెప్పనక్కఱ లేదు. ఆడుచేపలు మగవానికంటె చాల పెద్దవగును. 1992లో వేల్సు దేశమునందలి లాండెగ్‌ఫెడ్డు జలాశయమున పట్టబడిన పైకు 46 పౌనుల 13 ఔన్సులు తూగెను.

దీని నోటిని గుఱించి కొంత వివరముగా చెప్పవలసియున్నది. క్రింది దవడకు ప్రక్కల కోఱలు గలవు. అంగిలియందు వందలకొలది సన్నని పండ్లు గొంతువైపునకు వాలి యుండును. లోనికి పోవుదాని నవి అడ్డగింపవు, వెలుపలికి వచ్చుదానిని విడువవు. ఇట్టి నోరు గల జంతువు ఇరను ఎట్లు తినును? పైకు తన ఇరను మొదట నడుమ భాగమున, అడ్డముగా, కఱచి పట్టును. పట్టి యొక క్షణమాగును. పిదప దవడలతో దానిని కొంచెము కొంచెముగా త్రిప్పి, తల ముందుగా గొంతులోనికి దించుకొనును. తలనుండి మ్రింగినచో పొలుసులును రెక్కల ముండ్లును వెనుకకు ముడుచుకొని జాఱిపోవును, తోకనుండి మ్రింగినచో అవి యెదురుతిరిగి గొంతున గ్రుచ్చుకొనును. గాలము గ్రుచ్చు విధమంతయు ఈ యొక్క సంగతినుండియే పుట్టినది. అడ్డముగా పట్టుట, త్రిప్పుట, తలనుండి మ్రింగుట అను మూడింటిని బాలురు జ్ఞాపకముంచుకొన్నచో తక్కినది తమంతటనే యూహింపగలరు.

చచ్చిన చేపను ఇంత క్రూరమైన వేటచేప యెట్లు ముట్టునని మేమడిగితిమి. శీతకాలమున నీరు చల్లబడినపుడు పైకు మందగించి పరుగులకు ఓపిక లేనిదగును. అట్టి సమయమున అడుగున పడియున్న పీనుగను వాసనచే కనుగొని తీరికగా తినును. మఱి వింతయైన విషయ మేమనగా, ఎఱలలో మిక్కిలి పేరుగలవి సముద్రపు చేపలు. హెర్రింగును, మాకెరెలును, సార్డీనును పుట్టి బుద్ధెఱిగి యెన్నడు చూడని మంచినీటి పైకు వానిని ఆనందముగా తినును. వాని మాంసమందలి నూనె నీటిలో వ్యాపించి దూరముననున్న చేపను పిలుచును. మాకెరెలు మన కానాగంతలకును సార్డీను మన కవళ్లకును చుట్టములు. కావున మన సముద్రతీర గ్రామముల పిల్లలకు ఈ వాసన క్రొత్తది కాదు. ప్రాణముతో నున్న చిన్నచేపను గాలమునకు గ్రుచ్చి యీదనిచ్చు పద్ధతి యొకటి పూర్వమునుండి కలదు. స్కాట్లండులోను ఐర్లండులోను దానిని చట్టము నిషేధించుచున్నది. ఇంగ్లండులో కొన్ని నియమములకు లోబడి నేటికిని జరుగుచున్నది. మా శిష్యుడు చచ్చిన ఎఱను మాత్రమే వాడును, మేమును అదియే మేలని తలంతుము.

ఇక సాధనము. పైకు పండ్లు మామూలు నైలాను దారమును కత్తెరవలె త్రుంచును. కావున దారమునకు చివర పలుపోగులు పేనిన సన్నని ఉక్కుతీగ నొకదానిని, 20 అంగుళములకు తక్కువ కాకుండ, కట్టుదురు. చేప పొరలినపుడు తీగ పొట్టిదైనచో దారము పండ్లకు తగులును. అట్లు తెగినచో గాలములు నోటనుండగా చేప పోవును. వేటగాని నష్టము స్వల్పము, చేప నష్టము స్వల్పము కాదు. తీగకు రెండు గాలములుండును. ఒక్కొక్కటి మూడు కొక్కెములు కలిపి అతికినది. ఇంగ్లండు లెక్కలో సంఖ్య పెరిగిన కొలది గాలము చిన్నదగును. ఈ వేటకు 8 మొదలు 4 వఱకు గల సంఖ్యలు వాడుదురు, 6 సామాన్యము. ఒక గాలము తీగ చివరను, రెండవది దానికి రెండు మూడంగుళముల పైనను ఉండును. గాలపు కొనకు వెనుకగా నుండు ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చేయుదురు. కొందఱు మూడు కొక్కెములలో ఎఱను పట్టియుంచు నొక్కదానికి మాత్రము ఎదురుముల్లు నుంచి, తక్కిన రెంటికి తీసివేయుదురు.

పై గాలపు కొక్కెము నొక్కదానిని ఎఱచేప తోక మొదట, వెన్నెముక సన్నబడు చోట, గట్టిగా గ్రుచ్చవలెను. చేప శరీరములో మిక్కిలి దృఢమైన స్థలమదియే. ఎంత బలముగా విసరినను చినుగదు. క్రింది గాలపు కొక్కెము నొక్కదానిని తలవైపుగా, ప్రక్కటెముకలమీదుగా, చర్మమునకు లోతులేకుండ తగిలింపవలెను. తీగ రెంటి నడుమ బిగువుగా నుండవలెను గాని, చేప వంగునంత బిగువు కూడదు. ఇట్లు కట్టిన ఎఱను పైకెత్తినచో తోక పైకి, తల క్రిందికి వ్రేలాడును. ప్రతి గాలమునకు రెండేసి కొక్కెములు ఎఱను అంటక వెలుపల నుండవలెను. మేము మొదట మూడు కొక్కెములను మాంసములో దాచి, దాచుటయే నేర్పని తలంచితిమి. మా శిష్యుడు నవ్వి, గాలములను పైకు చూడదనియు, మాంసములో పూడిన కొన దాని నోటికి తగులదనియు చెప్పి వానిని పెఱికి మరల గ్రుచ్చెను.

తల క్రిందుగా ఎందుకు కట్టవలెను? పైకు ఎఱను తలనుండి మ్రింగునని చెప్పితిమి గదా. గాలములు రెండును తోకవైపు సగమున నున్నందున, ఎఱ తల గొంతువైపు తిరిగినను గాలములు ఇంకను పెదవులవద్దనే యుండును. అప్పుడు లాగినచో దారపు లాగుడు తోకనుండి వచ్చును. గాలపు కొనలు వేటగానివైపే తిరిగియుండుటచే ఎఱ మాంసమునుండి సులువుగా విడివడి చేప నోటి మూలను తగులుకొనును. తలవైపు గాలములు గ్రుచ్చి కట్టినచో దీనికంతయు విరుద్ధముగా జరుగును. మొదట గొంతులోనికి పోవునవి గాలములే యగును. చచ్చిన ఎఱను నీటిలో నిలుకడగా నుంచక, ఈదుచున్నట్లు లాగుకొనుచు వచ్చు నింకొక పద్ధతియందు మాత్రము ఎఱను తల ముందుగా లాగవలెను గనుక, పై గాలమును పెదవులకు గ్రుచ్చుదురు. ఆ పద్ధతిలో చేప పట్టిన తోడనే వేటగాని చేతికి తెలియును గాన ప్రమాదము తక్కువ.

ఎఱను బట్టి చిన్న మార్పులు చేయవలెను. సార్డీను మాంసము మెత్తన. విసరినపుడు గాలము చించుకొని ఎఱ యొకవైపు, తీగ యొకవైపు పోవును. కావున దానిని మంచుగడ్డ కట్టియున్నప్పుడే గ్రుచ్చి, తోకవద్ద సాగుడు దారముతో నాలుగైదు చుట్లు చుట్టుదురు. మాకెరెలు పెద్దదైనచో ఏటవాలుగా నఱికి తోకవైపు సగమును వాడుదురు, కోసిన ముఖమునుండి నెత్తురును నూనెయు నీటిలో కలియును. తోకరెక్కను కత్తిరించుట మంచిది, లేనిచో తిరిగి చుట్టునపుడు ఎఱ గిరగిర తిరిగి దారమును మెలిపెట్టును. గాలితిత్తి నిండియున్న చేప తేలును, సూదితో పొడిచినచో మునుగును. స్మెల్టు అను చిన్నచేప దోసకాయ వాసన వేయునని చెప్పగా మేము నమ్మలేదు. మూచూచిన పిమ్మట నమ్మితిమి. ఈలు అను పాముచేప ముక్కలు పూర్వము గొప్ప ఎఱలుగా నుండెడివి. ఈలీ పట్టణమునకు ఆ పేరు ఆ చేపవలననే వచ్చినదందురు. ఐతే యూరపు ఈలుజాతి యిప్పుడు అంతరించు దశకు చేరుటచే మనసున్న వేటగాండ్రు దానిని మానుచున్నారు.

ఎప్పుడు లాగవలెనను రెండవ ప్రశ్నకు పెద్ద చరిత్రయే కలదు. ఐజాకు వాల్టను అను పెద్దమనిషి 1653లో అచ్చువేసిన ప్రసిద్ధ గ్రంథములో పైకు వేటనుగుఱించి యొక ప్రకరణము గలదు. 1682లో రాబర్టు నాబ్సు అనునతడు పైకు వేటకే ప్రత్యేకముగ నొక పుస్తకము వ్రాసెను. నాబ్సు వివరించిన పద్ధతిలో సీసము పోసిన జంటగాలపు కాడను పొడవాటి సూదితో ఎఱచేప నోటినుండి కడుపు మీదుగా వెనుకకు దూర్చి, గాలములు నోటి ప్రక్కల నుండునట్లు చేయుదురు. పైకు పట్టిన పిమ్మట గడియారము చూచుకొని, అది ఎఱను పూర్తిగా మ్రింగి కడుపునకు దించుకొనువఱకు తాళుదురు. ఆ తరువాత లాగుటలో నేర్పేమియు లేదు. గాలము కడుపులో నుండగా చేప యెక్కడికి పోగలదు? తినుటకే పట్టిన దినములలో దీనికెవ్వరును ఆక్షేపణ చెప్పలేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆల్‌ఫ్రెడు జార్డీను అనునతని పేరుతో వాడుకలోనికి వచ్చిన రెండు గాలముల కట్టువలన, చేప మ్రింగకమునుపే లాగుటకు వీలు కలిగెను. పైన మేము వర్ణించినది ఆ కట్టునకు సంతతియే. పట్టిన చేపను తిరిగి నీటిలో విడుచు ఆచారము ప్రబలిన పిమ్మట పాతపద్ధతి పూర్తిగ నింద్యమైపోయెను.

సువార్తలలో వలల ప్రస్తావన పలుమార్లున్నను, గాలము ప్రస్తావన పేతురు పన్నుచెల్లించు సందర్భమున నొక్కమాఱే వచ్చును. ఆ చేప నోట నాణెము దొరకెను గాని, దానిని లాగుటకు పేతురు ఎంతసేపు తాళెనో చెప్పబడలేదు. తాళుటను గుఱించి మేము నేర్చుకొన్నది మన కాలువలయందే. కొఱ్ఱమీను కప్పను పట్టినపుడు తొందరపడక మ్రింగనిచ్చి లాగవలెనని మా పెద్దలు చెప్పెడివారు. కూరకు పట్టువారికి అందు తప్పేమియు లేదు.

ఆ ఉదయమున బెండు నీటిపై మూడు గంటలసేపు కదలలేదు. చేతివ్రేళ్లు కొంకర్లు పోయెను. పదకొండు గంటలకు బెండు ఒకసారి వణకి, ప్రక్కకు మెల్లగా నడచి, మునిగెను. కఱ్ఱ మాచేత నుండెను. మా శిష్యుడు, “మాస్టరుగారూ, లాగండి,” అనెను. మేము చేయెత్తి వారించి, “ఉండవోయి, మ్రింగనీ,” అంటిమి. అతడు నోరు తెఱచి మరల మూసికొనెను. ఆ చేపల నడవడిక అతనికి తెలిసినంత మాకు తెలియదు. కాని యొకప్పుడు తనకు పాఠము చెప్పిన వానికి రెండవసారి అడ్డు చెప్పుటకు అతనికి నోరాడలేదు. మనదేశపు మర్యాద అతనితో కూడ సముద్రము దాటిపోయినది. మేము నిదానముగా ముప్పదివఱకు లెక్కించి లాగితిమి.

చేప పెద్దది కాదు, 61 సెంటీమీటర్లుండెను. గట్టుకు తెచ్చి నోరు తెఱచి చూడగా గాలములు కనబడలేదు. తీగ మాత్రము గొంతులోనికి పోవుచుండెను.

గాలము తీయుటకు అతడు చేసిన పని వివరముగా చెప్పదగినది. మొదట గట్టున పఱచిన మెత్తని పరుపును నీటితో తడిపెను. పొడినేల తగిలినచో చేప ఒంటి జిగురు తుడిచిపెట్టుకొనిపోయి రోగములకు చోటిచ్చును. చేపను వెల్లకిల పరుండబెట్టి, తొడుగు వేసికొన్న చేతివ్రేళ్లను మొప్పలమూత క్రిందుగా, ఎఱ్ఱని మొప్పలను తాకకుండ, దవడయెముక వెంబడి గడ్డమువఱకు జార్చి పట్టుకొనెను. అట్లు పట్టి పైకెత్తగా చేప తానే నోరు తెఱచును. గాలము పెదవివద్ద నున్నచో శస్త్రవైద్యులు వాడునట్టి పొడవాటి పటకారుతో క్షణములో తీయవచ్చును. మా చేప విషయమున అది కుదరలేదు. తీగను మెల్లగా బిగించి లాగి, మొప్పల సందునుండి పటకారు పోనిచ్చి, గాలమును వెనుకనుండి పట్టి తలక్రిందులుగా త్రిప్పి తీసెను. ఒకటి వచ్చెను. రెండవది వచ్చెను గాని దానితో నెత్తురును వచ్చెను. మొప్పలనుండి కారు నెత్తురు ఆగుట కష్టము. గాలమును లోపల విడిచినచో అదియే కరగిపోవునని చెప్పువారు కలరు, ఆ మాట నమ్మదగినది కాదు.

నీటిలో నిలిపి పట్టుకొని చాలసేపు చూచితిమి. విడిచినపుడెల్ల చేప ప్రక్కకు ఒరిగి తెల్లని పొట్ట చూపెను. మూడవసారి ఒరిగిన పిమ్మట అతడు దానిని గట్టునకు తీసి, చిన్నకఱ్ఱతో తలపై రెండు దెబ్బలు కొట్టి చంపెను. అక్కడి నదులలో 65 సెంటీమీటర్లకు మించని పైకును దినమునకు ఒకదానిని తీసికొనిపోవుటకు చట్టము అనుమతించును, కావున నేరము లేదు. “నేను ఇంకొకసారి చెప్పవలసినది, మాస్టరుగారూ,” అని అతడనెను. తప్పు మాదేయని చెప్పితిమి. ఆ రాత్రి అతని భార్య చింతపండు వేసి పులుసు పెట్టినది. పైకు మాంసము తెల్లగా రుచిగానే యుండును గాని, చీలికకఱ్ఱవంటి సన్నని ముండ్లు మెండుగా నుండును. వానిని ఏరికొనుటలో మునిగి మేమిద్దరము ఎక్కువగా మాటాడలేదు.

మధ్యాహ్నము రెండవ బెండు కదలినపుడు మా శిష్యుడు ఈసారి, “ఇప్పుడే,” అని గట్టిగా, గురుశిష్య భేదము పాటింపక, చెప్పెను. లాగుటలో కూడ క్రమము గలదు. మొదట రీలు త్రిప్పి దారములోని వదులు పోగొట్టవలెను. చేప బరువు చేతికి తెలిసినంతనే కఱ్ఱను వెనుకకు నిలుకడగా, విఱుపు లేకుండ, లాగవలెను. ఒక్కొక్కప్పుడు పైకు ఎఱను పట్టి గట్టువైపే వచ్చును. అప్పుడు బెండు మునుగుటకు మాఱుగా ప్రక్కకు పడుకొనును, దారము వదులగును. క్రొత్తవారు దానిని చేప విడిచిపోయిన గుఱుతుగా భావించి యూరకుందురు. పట్టిన గుఱుతే యది. ఆ చేప మొదటిదానికంటె పెద్దది. గాలము దవడ మూలను, బయటినుండి కనబడుచుండెను. రెండు వ్రేళ్లతో త్రిప్పగా ఊడివచ్చెను. నీటిలో దించి తోకవద్ద పట్టియుంచగా మొప్పలు నాలుగైదుసార్లు ఆడించి, ఒక్క విసరుతో మా కళ్లజోడంతయు తడిపి పోయెను.

మన కాలువలలో పైకు లేదు. ఐనను తొలకరికి కొఱ్ఱమీను తల్లి తన ఎఱ్ఱని పిల్లలగుంపును కాచుకొని తిరుగుటను మన బాలురందఱు చూచియుందురు. అట్టి తల్లిచేప గాలమునకు పడినపుడు దానిని విడువదలచినవారికి, కడుపులోనికి పోయిన గాలముతో విడుచుట సాధ్యము కాదు. ఎదురుముల్లును నొక్కివేయుటకు మన వడ్రంగపు తరగతిలోని పటకారు చాలును.

మా శిష్యుడు బహుమానముగా ఇచ్చిన ఉక్కుతీగను, రెండు గాలములను జీవశాస్త్రపు గదిలోని బీరువాయందు, కప్ప యస్థిపంజరము ప్రక్కన, ఉంచితిమి. చూడగోరువారు మధ్యాహ్న విరామమున అడిగినచో తీసి చూపుదుము. కొనలు ఇంకను వాడిగానే యున్నవి గనుక చిన్నతరగతులవారు చేత ముట్టరాదు.